విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లే అయితే వెడల్పు 9300 కోట్ల కాంతి సంవత్సరాలు ఎలా అయింది?

కాంతి సంవత్సరమంటే కాంతి ఏడాదిలో వెళ్లే దూరం. కాంతిని మించిన వేగం లేదంటారు కదా, మరి విశ్వం తన వయసుకి మించి ఎలా పెరిగిందని అడిగారు. ఈ అనుమానం నాకూ ఉండేది. తీర్చింది యూట్యూబ్ కాదు, హుద్‌హుద్ తుపాను.

2014 అక్టోబర్ 12న అది విశాఖ మీద పడింది. మాది ఎంవీపీ కాలనీ. కరెంటు లేదు, ట్యాంకులో నీళ్లు లేవు. పాల ప్యాకెట్ కోసం క్యూ కడితే కొట్టతను నోటికొచ్చిన రేటు చెప్పాడు. ఆ కొట్లో నేను మళ్లీ అగ్గిపెట్టె కూడా కొనలేదు. మూడో రోజు రాత్రి ఉక్కపోత భరించలేక చాపలు పట్టుకుని డాబా ఎక్కాం. చంద్రుడింకా రాలేదు. తలెత్తితే ఆకాశంలో ఖాళీ లేదు. విశాఖలో అన్ని చుక్కలు నేనెప్పుడూ చూళ్లేదు.

కింది వాటాలో ఉండే రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు కూడా పైకొచ్చారు. ఈశాన్యం వైపు చెయ్యి చూపించి, "అక్కడ మసగ్గా ఏమైనా కనిపిస్తోందా బాబూ? సూటిగా చూడకు, కాస్త పక్కకి చూడు" అన్నారు. చూశాను. పలక మీద సుద్ద ముక్క గీత తడివేలితో చెరిపితే మిగిలే మరకలా ఉంది. ఆండ్రోమెడా గెలాక్సీ అట, మన పాలపుంత లాంటి ఇంకో నక్షత్రాల గుంపు. ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయిందన్నారు.

మీ ప్రశ్నే నేనూ అడిగాను. మాస్టారు ట్యాంకు మూతకి కట్టిన పాత సైకిల్ ట్యూబు ముక్క విప్పి ఒక కొస నా చేతికిచ్చారు. "దీని మీద చీమ నీవైపు నడుస్తోందనుకో" అంటూ రెండో కొస పట్టుకుని వెనక్కి జరిగారు. "చీమ నడక మారలేదు. కానీ అది నీ దగ్గరికొచ్చేసరికి, బయల్దేరిన చోటు ఎక్కడికి పోయిందో చూడు." మా అమ్మ మాత్రం, "ముందు ఆ మూత కట్టండి మాస్టారూ, మళ్లీ గాలొస్తే ఎగిరిపోతుంది" అంది.

అంతే సంగతి. చీమ కాంతి, ట్యూబు చోటు, అంటే అంతరిక్షం. ఆ వేగ పరిమితి చోటులో ప్రయాణించేవాటికే. చోటే సాగుతుంటే దానికి ఆ రూలు లేదు. దూరంగా ఉన్న గెలాక్సీ మరింత వేగంగా దూరమవుతోందని ఖగోళ శాస్త్రవేత్త హబుల్ 1929లోనే చూపించాడు. దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు ఇవాళ మనకు అందుతోంది. అది బయల్దేరిన చోటేమో ఈపాటికి 4650 కోట్ల కాంతి సంవత్సరాల అవతలికి జరిగిపోయింది. ఇటంత, అటంత, కలిపి 9300.

అసలు నా గొడవ వేరు. ఇది విశ్వం మొత్తం వెడల్పు కాదు, మనకు కనిపించే మేర మాత్రమే. రాసేవాళ్లంతా ఆ ఒక్క మాటా మింగేస్తారు. బిలియన్ అంటే వంద కోట్లని తెలీక పది లక్షలని రాసేవాళ్లు ఇంకో రకం. వీళ్లవి చదివే మనకి సగం టెన్షన్.

టెలిస్కోప్ ఏది కొనాలని కూడా అడిగారు. శుద్ధ దండగ. ముందు చీకటుండాలి కదా! బీచ్ రోడ్డంతా లైట్లు, కైలాసగిరి ఎక్కినా లైట్లే. మాకు కరెంటొచ్చిన రోజు కాలనీ అంతా ఈలలు, కేకలు. నేనూ అరిచాను. ఆ రాత్రి డాబా ఎక్కి చూస్తే మరక లేదు. మాస్టారు చెప్పినట్టు పక్కకి చూసినా కనపడలేదు.