లెక్కలు వచ్చినవాళ్లే కావాలి

ప్రశ్న: బ్యాంకులో 30 ఏళ్లు చేసి రిటైరయ్యాను. లైంగిక దాడికి గురైన ఆడవాళ్లకు అండగా ఉండే ఒక ట్రస్టువాళ్లు బోర్డులో కోశాధికారిగా ఉండమంటున్నారు. నాకు లెక్కలు తప్ప ఏమీ తెలియదు. ఒప్పుకోనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఒప్పుకోండమ్మా. నేనూ ఇలాంటి బోర్డులోనే ఆరేళ్లుగా ఉన్నాను. మొదటి మీటింగులో నా ముందు ఆటో ఖర్చుల ఓచర్ల కట్ట పెట్టారు. పైదాని మీద నీలం సిరాతో అమ్మాయి పేరు, ఊరు, ‘ఆసుపత్రికి రానూపోనూ 240 రూపాయలు’ అని ఉంది. ఆ ఫైలు అలాగే ఆడిటర్ దగ్గరికి వెళ్తుంది. గుమాస్తా చూస్తాడు, టీ తెచ్చిన కుర్రాడూ చూస్తాడు. బాధితురాలి పేరు ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. ఓచరు ప్రచురణ కాదులెండి, కానీ ఊళ్లో పేరు పాకడానికి పత్రికే అక్కర్లేదు కదా! ఆ రోజు నుంచి ఓచర్ల మీద నంబరే. పేర్ల పుస్తకం కౌన్సెలర్ బీరువాలో ఉంటుంది, నేనూ తెరవను.

ఇక దాతలు. ఒకాయన పాతికవేలిచ్చి, ‘ఆ పిల్లల్ని ఓసారి చూసి ఫొటో దిగుతాం’ అన్నారు. చెక్కు వెనక్కిచ్చేశాం. ఆ నెల కౌన్సెలర్ జీతం పది రోజులు ఆలస్యమైన మాట నిజమే.

చేరేముందు మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు అడగండి. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, వాళ్ల రక్షణకు ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ట్రస్టువాళ్లు అలా చెబుతున్నారో లేదో కనుక్కోండి. నసిగితే మాత్రం, నేనైతే చేరను.