అమ్మమ్మ పెట్టెలో వెండి రూపాయలు: కడగకండి, కలిపి తూయించకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మమ్మ ట్రంకు పెట్టెలో విక్టోరియా రాణి బొమ్మతో 1862 నాటి రూపాయలు, జార్జి రాజుల రూపాయలు కొన్ని దొరికాయి. నల్లబడి ఉన్నాయి. తోమి సేకర్తలకు అమ్మాలా, వెండి ధరకు ఇచ్చేయాలా? 1862 రూపాయి లక్షలు పలుకుతుందని ఏదో వీడియోలో చూశామని కూడా రాశారు.

ముందు ఆ వీడియోను మరిచిపోండి. 1862 అనే అంకె ఆ ఒక్క ఏడాదిది కాదు. పదేళ్లకు పైగా టంకశాలలు అదే అంకెతో రూపాయలు ముద్రిస్తూ పోయాయి. పాత ఇనప్పెట్టె ఉన్న ఇల్లల్లా వెతికితే ఒకటైనా దొరుకుతుంది. వాటిలో చిన్న చిన్న చుక్కల తేడాలు చూసి కొన్ని రకాలకు సేకర్తలు ఎక్కువ ఇస్తారు, నిజమే. మామూలు వాటికి వెండి ధర మీద ఇంకొంచెం, అంతే. లక్షలు ఇస్తామని చెప్పి ముందుగా రుసుము కట్టమనేవాడు దొంగ. తన పేరు వాడుకుని పాత నాణేల బేరాల్లో కమిషన్లు గుంజుతున్నారని 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. అయినా మా కాలనీలో చదువుకున్నవాళ్లే ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటు పట్టుకుని కోటీశ్వరులమైపోతామని తిరుగుతుంటారు. వాళ్లకు చెప్పి చెప్పి విసిగిపోయాను.

మీరు చూడవలసింది ఆ నాణెం 1940కి ముందుదా, తర్వాతిదా అన్నది. బ్రిటిష్ ఇండియా రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. గ్రాముల్లో చెప్పాలంటే 10.69. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి 1940 నుంచి సగం వెండి రూపాయలు తెచ్చారు. బరువు అదే, వెడల్పు అదే, లోపల వెండి మాత్రం 5.83 గ్రాములే. వెనక పులి బొమ్మతో వచ్చిన 1947 రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది నికెల్. అయస్కాంతానికి అతుక్కుంటుంది. 1964లో వచ్చిన నెహ్రూ బొమ్మ రూపాయి కూడా నికెలే. దాన్ని వెండి అనుకుని పూజగదిలో దాచుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

బరువు ఒకటే కావడం వ్యాపారికి వరం. మా పెద్దత్తయ్య మనవడి ఫీజు కోసం తన మూట తీసుకుని పాత బజారులో ఒక వెండి వ్యాపారి దగ్గరకు నన్ను తోడు తీసుకెళ్లింది. ఆయన మూట విప్పి మొత్తం కాటా మీద కుమ్మరించాడు. తరుగు తీసేసి, "కలగలుపు వెండి అమ్మా, సగం ధరే వస్తుంది" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య నాణేలన్నీ వెనక్కి లాక్కుని గల్లాపెట్టె ముందున్న చలవరాయి పలక మీద కుప్పలు పెట్టడం మొదలుపెట్టింది. ఆమెకు ఇంగ్లీషు అంకెలు రావు. "ఇది రాణిది, మంచి వెండి. ఇది కిరీటం లేని రాజుది, ఇదీ మంచిదే. యుద్ధం రోజుల్లో వచ్చినవి మాత్రం మా మామగారు విడిగా కట్టిపెట్టేవారు, అవి సగం రాగి" అంది. కిరీటం లేని రాజంటే ఏడో ఎడ్వర్డు. రూపాయి మీద ఆయనది బోసి తల. అనుమానం వచ్చినదాన్ని రాతి మీద పడేసి మోత వింటోంది. మంచి వెండి ఖంగుమని సాగుతుంది, సగం వెండి టక్కున ఆగిపోతుంది. వ్యాపారి ఇంకేమీ అనలేదు. రెండు కుప్పలకు రెండు ధరలు కట్టాడు.

చివర్లో ఆయనే దొరికిపోయాడు. ఐదో జార్జి రూపాయి ఒకటి ఏరి, "ఇది నాకివ్వండి, బదులు ఇవి రెండు ఇస్తాను" అన్నాడు. "రెండు ఇస్తానన్నాడంటే మూడు చేస్తుందన్నమాట" అని అత్తయ్య దాన్ని కొంగున ముడేసుకుంది. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే 1911. ఆ ఏడాది రాజుగారి అంగీ మీది ఏనుగు బొమ్మ అచ్చం పందిలా పడింది. ముస్లింలు అభ్యంతరం చెప్పడంతో ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగును సరిదిద్ది మళ్లీ ముద్రించారు. అందుకే 1911 రూపాయికి గిరాకీ. అదే రాజుది 1918 రూపాయి అయితే కోట్ల సంఖ్యలో ముద్రించారు. ఆ రోజుల్లో ఇక్కడ వెండి చాలక అమెరికా పిట్‌మాన్ చట్టం కింద పాతిక కోట్లకు పైగా తన వెండి డాలర్లు కరిగించి ఇండియా అవసరానికి అమ్మింది. అంత విరివిగా ముద్రించినదానికి వెండి ధర తప్ప ఏం వస్తుంది?

ఇక మీరు అడిగిన కడగడం సంగతి. ఆ 1911 రూపాయిని ఒక సేకర్తకు చూపిద్దామని నేను కబురు పెడితే, ఆయన వచ్చేలోగా అత్తయ్య కోడలు ముచ్చటపడి పళ్లపొడితో తోమిపెట్టింది. తళతళలాడుతోంది. ఆయన వెలుతురుకు ఒకసారి తిప్పి చూసి, "కడిగారా?" అని కింద పెట్టేశాడు. చెప్పిన ధర వెండి ధరను దాటలేదు. మన ఇళ్లలో ఇదో జబ్బు. వరలక్ష్మీ వ్రతం వచ్చిందంటే చాలు, కలశంలో వేసే రూపాయిని చింతపండుతో ఒకసారి, విభూతితో ఒకసారి అరగదీస్తారు. ఏటా అలా చేస్తే రాణిగారి ముక్కు ఎక్కడ మిగులుతుంది? నలుపు చెడిపోవడం కాదు, వెండికి సహజంగా పట్టే పొర. సేకర్త డబ్బిచ్చేది ఆ పొరకూ దాని కింద అరగని గీతలకూ. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన నాణెం కూడా ఇంతే, నేరుగా కరిగించడానికే.

1939 రూపాయి కనిపిస్తే మాత్రం నమ్మకస్థుడికి చూపించకుండా అమ్మకండి. మంచి వెండిలో వచ్చిన చివరిది, చాలా అరుదు, అందుకే నకిలీలూ ఎక్కువ. చార్మినార్ బొమ్మ ఉంటే అది నిజాం హాలీ సిక్కా, అంటే హైదరాబాదు సంస్థానం సొంత రూపాయి. బరువు 11.18 గ్రాములే, వెండి 81.8 పాళ్లు. దాన్ని జార్జి రూపాయలతో కలిపి లెక్క కట్టనివ్వకండి. మీ తమ్ముడు అమెరికాలో ఉన్నాడన్నారు కాబట్టి ఇంకో మాట: నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. జ్ఞాపకంగా ఒకటి సంచీలో వేసుకెళ్తానంటే కుదరదు.

ఆ పెట్టె అడుగున అంచు వంకులు తిరిగిన చిన్న అణా బిళ్ల ఏదైనా ఉందేమో వెతకండి. ఏడో ఎడ్వర్డు కాలంలో మొదలైనది, రాగి నికెల్ కలిపినది, వెండి రవ్వంత కూడా ఉండదు. కానీ దాని మీద విలువ తెలుగు లిపిలో కూడా వేశారు. దాన్ని వ్యాపారి పది రూపాయలకు అడుగుతాడు. ఇవ్వకండి, నేను ఎక్కువ ఇస్తాను.