లోగోని ప్రతి స్లైడ్‌లో పేస్ట్ చేయకండి, థీమ్‌లో పెట్టండి

అడిగిన ప్రశ్న: "ఆన్‌లైన్ ప్రజెంటేషన్ టూల్‌లో మా సంస్థ లోగో అన్ని స్లైడ్లలోనూ ఒకేచోట రావాలంటే ఏం చేయాలి? ఒక్కో స్లైడ్‌లో పేస్ట్ చేసుకుంటూ పోతే సరిపోతుందా?"

సరిపోదు. దయచేసి ఆ పని చేయకండి. నేను 46 స్లైడ్లలో చేసి చూశాను.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒక పెద్ద మీటింగ్‌కి స్లైడ్లు తయారుచేసే పని నాకు అప్పగించారు. లోగో కావాలంటే మా మేనేజర్ గారు వాట్సాప్‌లో పంపారు. సేవ్ చేసుకుని, మొదటి స్లైడ్‌లో కుడివైపు పైమూలన పెట్టి, కాపీ కొట్టి మిగతా 45 స్లైడ్లలో పేస్ట్ చేశాను. అన్నీ తెల్ల స్లైడ్లే కాబట్టి చూడ్డానికి బాగానే ఉంది. మీటింగ్‌కి ముందురోజు రాత్రి ఫోన్ చేశారు. "అంతా బాగుందమ్మా, కాకపోతే మరీ తెల్లగా ఉంది. బ్యాక్‌గ్రౌండ్ ముదురు నీలం చేసెయ్." రంగు మార్చడం ఎంతసేపు? మార్చాను. 46 స్లైడ్లలోనూ లోగో చుట్టూ తెల్ల డబ్బా కనిపించింది, నీలం గోడకి ఎవరో కాగితం ముక్క అతికించినట్టు.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ జేపెగ్ (JPEG) అనే ఫైలు రకంగా మారిపోతుంది. 1992 నాటి ఆ జేపెగ్‌లో పారదర్శకత, అంటే వెనకున్న రంగు కనిపించేలా ఖాళీ వదలడం, అన్న మాటే లేదు. ఖాళీగా ఉండాల్సిన చోటంతా ఏదో ఒక రంగుతో నిండిపోవాల్సిందే. 1996లో వచ్చిన పీఎన్‌జీ (PNG) అనే ఇంకో ఫైలు రకంలో ఆ ఇబ్బంది లేదు. అందుకే చేతులెత్తి మొక్కుతున్నాను, లోగోని ఎవరికీ ఫోటోగా పంపకండి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి. లోగో గీయించడానికి డబ్బు, నెలల సమయం పెట్టిన సంస్థలు కూడా అసలు ఫైలు ఎక్కడుందో తెలియకుండా, ఎవరి ఫోన్‌లోనో ఉన్న మసకబారిన బొమ్మతో నెట్టుకొస్తుంటాయి. ఇది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ రాత్రి డిజైనర్‌ని నిద్రలేపి పీఎన్‌జీ తెప్పించుకున్నాను. డబ్బా పోయింది గానీ లోగోలో అక్షరాలు నల్లవి, నీలంలో కలిసిపోయాయి. మళ్ళీ ఫోన్ చేసి తెల్ల అక్షరాలది అడిగాను. అర్ధరాత్రి దాటాక ఒక్కో స్లైడ్‌లో పాతది తీసేయడం, కొత్తది పెట్టడం. శీర్షిక పొడుగ్గా ఉన్నచోట అడ్డొస్తుంటే లోగోని కాస్త పైకి నెట్టాను, ఇంకోచోట కాస్త చిన్నది చేశాను. మర్నాడు పెద్ద తెర మీద స్లైడ్లు మారుతుంటే ఆ మూలన లోగో ఎగురుతూ కనిపించింది. ఒకసారి పైకి, ఒకసారి పక్కకి. రెండు స్లైడ్లలో పాత తెల్ల డబ్బా అలాగే మిగిలిపోయింది. ఎదురుగా కూర్చున్నాయన మా అంకెలు చూడ్డం మానేసి ఆ మూలనే చూస్తూ కూర్చున్నారు. మూడు వారాల పని అది.

అసలు పని రెండు నిమిషాలది. గూగుల్ స్లైడ్స్‌లో 'వ్యూ' మెనూలో 'థీమ్ బిల్డర్' ఉంటుంది. తెరిస్తే ఎడమవైపు అన్నిటికంటే పైన థీమ్ స్లైడ్ (అన్ని స్లైడ్లకీ మూలం), దాని కింద లేఅవుట్లు (ఒక్కో రకం స్లైడ్‌కి అమరిక నమూనాలు) కనిపిస్తాయి. లోగోని పైదాంట్లో పెడితే అన్ని స్లైడ్లకీ వస్తుంది. కొన్నిటికే కావాలంటే ఆ లేఅవుట్లలో మాత్రమే పెట్టాలి. పవర్‌పాయింట్‌లో ఇదే పనిని 'స్లైడ్ మాస్టర్'లో చేస్తారు. ఇలా పెట్టిన లోగో మామూలుగా స్లైడ్ ఎడిట్ చేసేటప్పుడు చేతికి తగలదు, కాబట్టి ఎవరూ పొరపాటున జరపలేరు. రేపు లోగో మారినా ఒక్కచోట మారిస్తే చాలు.

సైజు గురించి బెంగపడకండి. ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు. లోగో అందులో ఎనిమిదో వంతు అనుకుంటే 240 పిక్సెళ్ళు, దానికి రెట్టింపు వెడల్పుండే 4కే తెరకైనా 480. అంటే 600 పిక్సెళ్ళ పీఎన్‌జీ దర్జాగా సరిపోతుంది. మీ దగ్గర ఎస్‌వీజీ (SVG, ఎంత పెద్దది చేసినా మసకబారని ఫైలు రకం) ఉంటే పవర్‌పాయింట్‌లో నేరుగా పెట్టొచ్చు. గూగుల్ స్లైడ్స్ దాన్ని తీసుకోదు, పీఎన్‌జీగా మార్చుకోవాలి.

మీరు అడగలేదు గానీ, లోగో ప్రతి స్లైడ్‌లోనూ ఎందుకండీ? ఎవరు మాట్లాడుతున్నారో గదిలో అందరికీ తెలుసు. మొదటి స్లైడ్‌లో, చివరి స్లైడ్‌లో ఉంటే చాలని నా గట్టి నమ్మకం. మధ్యలో ఆ మూల ఖాళీగా వదిలితే శీర్షికకి ఊపిరాడుతుంది. కొన్ని టూల్స్‌లో ఉచిత ప్లాన్ వాడితే వాళ్ళ గుర్తు మన స్లైడ్ల మీద అంటించేస్తారు, డబ్బు కడితే గానీ తీయరు. మన లోగో పక్కన వాళ్ళది కూడా చేరితే చూసేవాళ్ళు ఏది ఎవరిదనుకోవాలి? టూల్ ఎంచుకునే ముందే ఈ సంగతి కనుక్కోండి, స్లైడ్లన్నీ తయారయ్యాక కాదు.

ఇప్పటికే అన్నిట్లో పేస్ట్ చేసేసి ఉంటే, ముందు థీమ్‌లో లోగో పెట్టండి. తర్వాత స్లైడ్లలో పాతవి ఒక్కొక్కటే తీసేయండి. చివర్లో ఒకసారి ఫుల్ స్క్రీన్‌లో మొదటినుంచీ గబగబా తిప్పి చూడండి. ఏదైనా మిగిలిపోయి ఉంటే అప్పుడే కంటికి తగులుతుంది.