పాత డాస్ గేమ్స్ కోసం రోలాండ్ ఎంటీ-32 ఇప్పుడు కొనొచ్చా, సాఫ్ట్‌వేర్ చాలదా?

కొనండి. ఎంటీ-32 అంటే కంప్యూటర్ పంపే ఆదేశాల ప్రకారం మ్యూజిక్ వాయించే పాత సింథ్ డబ్బా. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే మంట్ అని ఎమ్యులేటర్ ఉంది, ఫ్రీనే, బాగానే పలుకుతుంది, బడ్జెట్ లేకపోతే దాంతో సరిపెట్టుకోండి. కానీ మీరు అడిగింది కొనొచ్చా అని కదా, నా ఓటు డబ్బాకే. రెండూ పక్కపక్కన వినిపించే యూట్యూబ్ వీడియోలు మాత్రం నమ్మకండి, ఆడియో అంతా పిండేసి పెడతారు, కింద కామెంట్లలో తేడా లేదని తీర్పులు.

నాది డల్లాస్‌లో ఒక గరాజ్ సేల్‌లో దొరికింది. అమ్మే పెద్దావిడ పాత రేడియో అనుకుని చార్జర్ల డబ్బాలో పడేసింది, నేనూ నోరు మూసుకుని డబ్బులిచ్చి వచ్చేశా. ఇంటికి రాగానే లాప్‌టాప్‌కి తగిలించి, పాత డాస్ గేమ్స్‌ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్‌లో కింగ్స్ క్వెస్ట్ 4 పెట్టా. 1988 గేమ్ అది, విలియం గోల్డ్‌స్టీన్ చేత మ్యూజిక్ చేయించారు. ఈ గేమ్స్ స్టార్ట్ అవగానే తమకి కావాల్సిన వాయిద్యాల సెట్టింగులు డబ్బాలోకి పంపిస్తాయి, సిస్‌ఎక్స్ అంటారు. ముందువైపు 20 అక్షరాల డిస్‌ప్లే ఉంటుంది కదా, పాట రావాల్సిన టైంకి దానిమీద బఫర్ ఓవర్‌ఫ్లో అని వచ్చి కూర్చుంది. మా ఆవిడ అటు పోతూ "ఏంటండీ, మీ డబ్బా అప్పుడే అలిగిందా" అంది. సంగతేంటంటే 1987 నాటి మొదటి మోడళ్లు అంత స్పీడుగా వచ్చే డేటా మింగలేవు, అప్పటి కంప్యూటర్లు నిదానం కాబట్టి నడిచిపోయింది. డాస్‌బాక్స్ కాన్ఫిగ్‌లో మిడికాన్ఫిగ్ దగ్గర డిలేసిస్‌ఎక్స్ అని పెట్టాక దారికొచ్చింది. ఇక మొదలైంది చూడండి మ్యూజిక్, స్పీకర్లు మార్చావా అంది మా ఆవిడ.

ఆ సౌండ్ ఎలా వస్తుందంటే, స్వరం మొదట్లో తగిలే దెబ్బ వరకు నిజం శాంపిల్, అంటే రికార్డు చేసిన ముక్క, వెనకాల సాగేదంతా సింథసిస్, అంటే డబ్బా సొంతంగా పుట్టించేది. అప్పట్లో మెమరీ ఖరీదు, అందుకని ఆ తెలివి. అచ్చం నిజం వాయిద్యంలా ఉండదు, నాకు నచ్చేదే అది.

అసలు నా బాధ వేరే. మిడి అనగానే మనవాళ్లు "ఆ చీప్ సౌండా" అంటారు. మిడి ఫైల్‌లో సౌండే ఉండదండీ, ఏ స్వరం ఎప్పుడు ఎంత గట్టిగా అని రాసుంటుంది అంతే, మీరు విన్నది విండోస్‌లో ఫ్రీగా వచ్చే సింథ్‌ని. వంట బాలేకపోతే రెసిపీ కాగితాన్ని తిడతామా? డూమ్ గేమ్ పాటలు రోలాండ్‌దే ఎస్‌సీ-55 అనే ఇంకో డబ్బా మీద ఒకసారి వినండి, గిటార్ దగ్గరే తెలిసిపోతుంది.

అన్నట్టు పాత తెలుగు సినిమా పాటల మిడి ఫైల్స్ కూడా వాయిద్దాం అనుకుంటే ఎంటీ-32 వద్దు, ఎస్‌సీ-55 తీసుకోండి. ఏ నంబర్‌కి ఏ వాయిద్యమో అందరికీ ఒకేలా ఖరారు చేసిన జనరల్ మిడి 1991లో వచ్చింది, ఎంటీ-32 అంతకంటే ముందుది, వాయిద్యాల నంబర్లు కలవవు. జనరల్ మిడిలో 105 అంటే సితార్, ఇందులో 105 మారింబా. వీణలా మోగాలని సితార్ పెట్టిన చోట టకటకా చెక్క చప్పుడు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, మా పిల్లలకి మాత్రం తెగ నచ్చింది.

కొనేముందు ఫొటోలో వెనకవైపు చూడండి. హెడ్‌ఫోన్ జాక్ లేకపోతే పాత మోడల్, పైన చెప్పిన ఓవర్‌ఫ్లో గోల దానికే. నాలుగు డాలర్ల యూఎస్‌బీ మిడి కేబుళ్ల జోలికి పోకండి, మామూలు పాట వాయించేస్తాయి కానీ సిస్‌ఎక్స్ మధ్యలో మింగేస్తాయి, మీరేమో డబ్బా పాడైందనుకుని రిటర్న్ పెడతారు. అడాప్టర్ కూడా ఇంట్లో ఏది దొరికితే అది గుచ్చొద్దు, 9 వోల్టులు, మధ్యలో మైనస్ ఉండేది కావాలి. ఇక "రేర్ వింటేజ్" అని రాసి డబుల్ రేటు పెట్టేవాళ్లకి నా నమస్కారం, రెండు నెలలు ఆగితే అదే వస్తువు రేటు తగ్గించి మళ్లీ వాళ్లే పెడతారు.