ఆయాసం లేని రోజు కూడా ఆ క్యాప్సూల్ పీల్చాల్సిందే

ప్రశ్న: మాది గుత్తి దగ్గర ఒక పల్లె. మా అత్తమ్మకు 62 ఏళ్లు. బీడీ, చుట్ట ఏనాడూ ముట్టలేదు. అయినా సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకై దమ్ము వచ్చే, ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి రోజూ పొద్దున ఒక టయోట్రోపియం క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టి అందులోని పొడి పీల్చమన్నారు. దమ్ము ఎక్కువైనప్పుడు వాడమని సాల్బుటమాల్ పంపు కూడా ఇచ్చారు. క్యాప్సూల్ పీలిస్తే ఏమీ తేడా తెలియడం లేదని బాగున్న రోజు మానేస్తుంది, దమ్ము ఎక్కువైన రోజు రెండు పీలుస్తుంది. ఒకసారి మాత్ర అనుకుని నీళ్లతో మింగేసింది కూడా. ఇది అలవాటైతే ఇక వదలదు, మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేప మందు వేయించుకోండి అని పక్కింటివాళ్లు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి మేడమ్?
– ఒక కోడలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తమ్మకు ఇచ్చిన రెండు మందులూ రెండు వేరువేరు పనులకు. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావరకు ఆ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే. సాల్బుటమాల్ పంపు ఆయాసం వచ్చినప్పుడు వాడేది. బిగుసుకున్న గాలిగొట్టాలను కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. టయోట్రోపియం అలా కాదు. ఒక్క క్యాప్సూల్ ప్రభావం 24 గంటలు ఉంటుంది. గొట్టాలు బిగుసుకోకుండా చూడడమే దాని పని. చీనీ తోటకు డ్రిప్పు పెట్టుకున్న రైతు ఆకు వాడిన రోజు మాత్రమే నీళ్లు వదలడు కదా, ఇదీ అంతే. పీల్చిన వెంటనే హాయిగా అనిపించలేదంటే మందు పని చేయలేదని కాదు. తేడా వారాల మీద తెలుస్తుంది. మిద్దె మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగడం తగ్గుతుంది, ఆసుపత్రిలో చేరాల్సినంతగా దమ్ము ముదరడం తగ్గుతుంది.

కాబట్టి బాగున్న రోజు మానడం వద్దు. ఆమె బాగుండటానికి ఆ మందు కూడా ఒక కారణం అయి ఉండొచ్చు.

దమ్ము ఎక్కువైన రోజు రెండు క్యాప్సూళ్లు పీల్చడం అంతకన్నా వద్దు. ఇది రోజుకు ఒక్కసారి వాడే మందు. ఎక్కువ పీలిస్తే ఆ పూట ఆయాసం తగ్గదు సరికదా నోరు ఎండిపోతుంది, గుండె దడ రావచ్చు, మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం కూడా రావచ్చు. పొద్దున మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు పీల్చవచ్చు. మరుసటి రోజుకు గానీ గుర్తు రాకపోతే ఆ రోజుది మాత్రమే పీల్చాలి, నిన్నటిది కలపకూడదు. ఆయాసం వచ్చినప్పుడు చేతికి తీసుకోవాల్సింది సాల్బుటమాల్ పంపు, అదీ మీ డాక్టరు చీటీలో రాసినన్ని సార్లే. మామూలు కన్నా ఎక్కువసార్లు ఆ పంపు అవసరమవుతున్నా, తెమడ ఎక్కువైనా, పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు తిరిగినా రెండు మూడు రోజులు చూద్దాంలే అని ఆగకండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పంపు వాడినా తగ్గకపోవడం, ఒక మాట పూర్తిగా చెప్పలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఆటో కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

మింగేసిన సంగతి. భయపడకండి, ఒకసారి మింగినంత మాత్రాన సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. అయితే కడుపులోకి పోయిన మందు ఊపిరితిత్తులకు ఉపయోగపడదు. ఆ రోజు మందు అందనట్టే. ఇది మీ ఇంట్లోనే జరిగింది కాదు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పీల్చే క్యాప్సూళ్లను జనం మింగేస్తున్నారని చెప్పి ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. మీరు ఒక పని చేయండి. బీపీ మాత్రల డబ్బాలో వీటిని కలిపి పెట్టకండి. క్యాప్సూళ్లు, పీల్చే పరికరం రెండూ ఒకే సంచిలో, మాత్రలకు దూరంగా ఉంచండి. చదవడం రాకపోయినా సంచి చూడగానే ఆమెకు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మందు ఎలా పీలుస్తుందో మీరెప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? నా దగ్గరికి వచ్చేవాళ్లు మందు పని చేయలేదంటే నేను మందు మార్చే ముందు, నా ఎదురుగా పీల్చి చూపించమంటాను. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు కూడా పరికరంలోకి ఉఫ్‌మని ఊదుతారు. పొడి తడిసి ముద్దవుతుంది, లోపలికి పోదు. కొందరు పరికరం తిప్పడమే మరిచిపోతారు, క్యాప్సూల్ తెరుచుకోదు. ఇంకొందరు వేడి టీ తాగినట్టు చిన్నగా జుర్రుతారు, పొడి నాలుక మీదే ఆగిపోతుంది. ఇలాంటివాళ్లకు ఖరీదైన మందు రాసినా ఫలితం ఉండదు, అందుకే ఈ సంగతి ఇంత వివరంగా చెబుతున్నాను.

చేతులు తుడుచుకుని, అప్పటికప్పుడు ఒక క్యాప్సూల్ తీయాలి. వారానికి సరిపడా ముందే విప్పి పెట్టుకుంటే గాలి తేమకు పాడవుతాయి. మీ అత్తమ్మది తిప్పే రకం పరికరం అయితే క్యాప్సూల్ పారదర్శకంగా ఉన్న కొసను చదరపు రంధ్రంలోకి గట్టిగా నొక్కి, పరికరం అడుగుభాగాన్ని పూర్తిగా తిప్పాలి. క్యాప్సూల్ విడిపోతుంది. తర్వాత మొహం పక్కకు తిప్పి ఊపిరంతా బయటికి వదిలేయాలి. పెదవులు గొట్టం చుట్టూ గట్టిగా మూసి ఒక్కసారిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. పరికరం తీసి, నోరు మూసుకుని పదంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. అంతసేపు కాకపోతే ఆమె ఉండగలిగినంత. పరికరంలో పొడి మిగిలి ఉంటే, అదే క్యాప్సూల్‌ను ఇంకోసారి పీల్చాలి. పొడి అంటిన చేత్తో కళ్లు నలపకూడదు. సాల్బుటమాల్ పంపుకు పద్ధతి దాదాపు తలకిందులు. బాగా ఊపి, పంపు నొక్కుతూ నెమ్మదిగా, దీర్ఘంగా పీల్చాలి. చేయీ ఊపిరీ కలవకపోతే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం ఇవ్వమనండి, పెద్దవాళ్లకు అది చాలా మేలు. మొదటి వారం రోజులు మీరు పక్కన ఉండండి తల్లీ. ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు పరికరం వెంట తీసుకుపోయి అక్కడా పీల్చి చూపించమనండి.

అలవాటు పడటం గురించి. ఇది మత్తు మందు కాదు. మానేస్తే ఆయాసం తిరిగి వస్తుంది, ఎందుకంటే జబ్బు ఉంది కాబట్టి. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగినట్టే. మోతాదు చూడండి: సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. మీ అత్తమ్మ టయోట్రోపియం క్యాప్సూల్‌లో ఉండేది 18 మైక్రోగ్రాములే. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి అంత తక్కువ సరిపోతుంది. ఇన్‌హేలర్, అంటే ఇలా పీల్చే మందు ఇచ్చారంటే జబ్బు చివరి దశకు వచ్చినట్టే అని కూడా కొందరు అంటారు. అదీ నిజం కాదు, నమ్మకండి.

చేప మందు విషయంలో మీ నమ్మకాన్ని నేను కాదనను. కానీ సీఓపీడీని అది నయం చేస్తుందని రుజువు లేదు, దాన్ని నమ్మి క్యాప్సూల్ ఆపితే ఆమె ప్రాణం మీదికి రావచ్చు. దమ్ము ఉన్న మనిషిని జూన్ నెలలో ఆ జనసందోహంలో గంటల తరబడి క్యూలో నిలబెట్టడం కూడా నాకు ఇష్టం లేదు.

చివరిగా ఒక మాట చెబుతాను. బీడీ తాగకపోయినా కంది కట్టె, పత్తి కట్టె పొగలో ఏళ్ల తరబడి వంట చేసిన ఆడవాళ్లకు ఈ జబ్బు వస్తుంది. మన జిల్లాలో శనక్కాయల దుమ్ము దీనికి తోడు. ఇంట్లో గ్యాస్ వచ్చాక కూడా నీళ్లు కాచడానికి పెరట్లో కట్టెల పొయ్యి ఉండే ఇళ్లు చాలా చూశాను. మీ ఇంట్లో ఉంటే ఆ పని ఆమెకు అప్పగించకండి, పొయ్యిని ఆమె పడుకునే చోటికి దూరంగా మార్చండి. ఏటా వేసే ఫ్లూ టీకా గురించి, అలాగే న్యుమోనియా టీకా గురించి కూడా మీ డాక్టరును అడగండి.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. సిగరెట్లు మానేశాను. సీఓపీడీకి రెండు పూటలా ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ కలిసిన మందు, పొద్దున టయోట్రోపియం పీలుస్తున్నాను. నాలుక మీద తెల్లటి పొర, గొంతు బొంగురు. ఈ మధ్య మూత్రం ముక్కితే గానీ రావడం లేదు. గ్లకోమాకు (కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) కంట్లో చుక్కలు కూడా వేసుకుంటున్నాను. ఇన్‌హేలర్లు మానేయమంటారా?
– కడప

జవాబు: అయ్యా, మానకండి. కానీ ఈ వారమే మీ ఛాతీ డాక్టరును కలవండి.

తెల్ల పొర బ్యుడెసొనైడ్ వల్ల వచ్చే ఫంగస్ కావచ్చు. అది స్టెరాయిడ్. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి, గొంతు గరగర చేసి ఉమ్మేయాలి, మింగకూడదు. పళ్లు తోముకునే ముందు పీల్చే అలవాటు చేసుకుంటే మరిచిపోరు. ఇప్పటికే ఉన్న పొరకు మందు రాస్తారు. సీఓపీడీలో ఈ స్టెరాయిడ్ న్యుమోనియా అవకాశాన్ని కొంత పెంచుతుంది కాబట్టి జ్వరం, తెమడ రంగు మారడం తేలిగ్గా తీసుకోవద్దు.

మూత్రం ఇబ్బంది మీ వయసులో ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి) వాపు వల్ల రావచ్చు, టయోట్రోపియం దాన్ని ఎక్కువ చేయవచ్చు. మందు మార్చాలా, ప్రోస్టేట్‌కు చికిత్స చేయాలా అన్నది పరీక్ష చేసినవాళ్లు చెప్పాలి. మూత్రం పూర్తిగా ఆగిపోతే మాత్రం అప్పాయింట్‌మెంటు కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పుట్టినా, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అంతే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది ఆ కంటి చుక్కలు. సీసా మీద టిమొలాల్ అని ఉందేమో చూడండి. అది బీటా బ్లాకర్ అనే రకం మందు. కంట్లో వేసిన చుక్క ముక్కు దారిన రక్తంలోకి చేరి గాలిగొట్టాలను బిగించగలదు. కంటి డాక్టరుకు మీ దమ్ము సంగతి, ఛాతీ డాక్టరుకు మీ గ్లకోమా సంగతి చెప్పారా? అనుమానం ఉంటే చుక్కలు మీ అంతట మీరు ఆపొద్దు, చూపు పోతుంది. సీసా, ఇన్‌హేలర్లు, చీటీలు అన్నీ ఒక కవరులో వేసుకుని ఇద్దరికీ చూపించండి. గ్లకోమాకు వేరే రకం చుక్కలు ఉన్నాయి.

ప్రశ్న: బండి మీద ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఆస్తమాకు రోజూ వాడే ఇన్‌హేలర్ బండి డిక్కీలో ఉంటుంది. ఎండాకాలం ఏమైనా అవుతుందా? ఇంకా ఎంత మందు ఉందో ఎలా తెలుస్తుంది?
– కర్నూలు

జవాబు: అవుతుంది. కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం డిక్కీ లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఇన్‌హేలర్ డబ్బాలో గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది, చాలావాటిని 30 డిగ్రీల లోపు ఉంచమని అట్ట మీదే రాస్తారు. భుజానికి వేసుకునే బ్యాగులో, మీతోపాటు నీడలోకి వచ్చేలా పెట్టుకోండి. ఫ్రిజ్ గడ్డకట్టే అరలో పెట్టకండి.

నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పద్ధతి నమ్మదగ్గది కాదు, నాజిల్ కూడా పాడవుతుంది. వెనక అంకెల కౌంటరు ఉన్న ఇన్‌హేలర్ అడగండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాసుకోండి. 120 సార్లు వచ్చే డబ్బాను పూటకు రెండు చొప్పున రెండు పూటలా వాడితే నెల రోజులు వస్తుంది. ఆ తర్వాత నొక్కితే వచ్చేది గ్యాసే కావచ్చు, మందు కాదు. అయిపోయే వారం ముందే కొత్తది కొనండి. ఖాళీ డబ్బాను మంటలో వేయకండి, మేకుతో పొడవకండి.