అడగండి, చెబుతాం: సిస్టర్ల బడిలో చేర్చే ముందు

ప్రశ్న: మా అమ్మాయిని ఎనిమిదో తరగతికి సిస్టర్ల బడిలో చేర్చాలనుకుంటున్నాం. మేము హిందువులం. బైబిలు పాఠాలు, చర్చి పూజ తప్పనిసరా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: కాదమ్మా. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా పిల్లల్ని మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఎయిడ్ లేని బడికీ ఇదే వర్తిస్తుంది. ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రోజూ రాజ్యాంగ పీఠిక చదివించాలని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కూడా 2024లో తన బడులకు చెప్పింది. అయినా టైంటేబుల్ అడిగి చూడండి. చాలాచోట్ల ఒకే పీరియడ్‌లో కతోలిక పిల్లలు జ్ఞానోపదేశానికి (క్రైస్తవ మతబోధకు), మిగతావాళ్లు మోరల్ సైన్సుకు వెళతారు. ఒక టీచరు సెలవు పెడితే రెండు గుంపుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడం దగ్గరే చిక్కు వస్తుంది. ఆ రోజు ఏం చేస్తారో ముందే అడగండి. అప్లికేషన్‌లో సమ్మతి గురించిన వాక్యం ఉంటే చదివాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: సౌకర్యాలన్నీ ఉన్నాయని బ్రోచర్‌లో వేశారు. నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇంటర్వెల్ వేళకు వెళ్లండి. ముందు ఆఫీసు గదికి కాదు, ఆడపిల్లల బాత్‌రూముల వైపు. కుళాయి తిప్పితే నీళ్లు రావాలి, తలుపుకు లోపల గడియ పడాలి. 40 మందికి ఒక టాయిలెట్ యూనిట్ ఉండాలన్నది లెక్క.

సీబీఎస్ఈ బడైతే తరగతి గది కనీసం 500 చదరపు అడుగులుండాలి, సెక్షన్‌లో 40 మంది ఉంటే మేలు. టేపు అక్కర్లేదు: రెండడుగుల టైల్స్ అయితే ఒకవైపు పన్నెండున్నర, ఇంకోవైపు పది లెక్కకు రావాలి.

ల్యాబ్ ఎప్పుడూ తళతళలాడుతుంటే నాకైతే అనుమానమే. పదో తరగతి పిల్లల పాత రికార్డు పుస్తకాలు రెండు చూపించమనండి. తేదీలు జూలై నుంచి విడివిడిగా ఉంటే ప్రయోగాలు చేయించినట్టు; అన్నీ ఫిబ్రవరిలో, ఒకే పెన్నుతో ఉంటే చూసి రాయించినట్టు. అగ్నిమాపక సిలిండర్ మీది ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూడండి. లైబ్రరీలో బీరువాలకన్నా ఇష్యూ రిజిస్టరే అసలు సంగతి చెబుతుంది.

మైదానం సంగతి, బడి నడిపే సభను (కతోలిక సన్యాసుల సంఘాన్ని) బట్టి ఉంటుంది. దోన్ బోస్కో అనే గురువు స్థాపించిన సలేషియన్ సభది ‘నివారణ పద్ధతి’: తప్పు చేశాక దండించడం కాదు, పిల్లల మధ్యే ఉండి తప్పు జరగకుండా చూడటం. అలాంటి బడిలో ఆటల పీరియడ్‌లో టీచర్లు స్టాఫ్‌రూములో కూర్చుని ఉంటే గోడమీది విలువల బోర్డును పట్టించుకోనక్కర్లేదు.

ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే పదకొండు అంకెల యూడైస్ కోడ్ తీసుకుని, గుర్తింపు ఏ తరగతి వరకో సరిచూసుకోండి. పైతరగతులకు గుర్తింపు లేకపోతే పదో తరగతి పరీక్షకు పిల్లల్ని వేరే బడి పేరుతో పంపుతారు.

ప్రశ్న: విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు ఇక్కడ దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: దొరకవు. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు (సిస్టర్ల బడుల్లాంటి) మైనారిటీ బడులను ఆ చట్టం నుంచి మినహాయించింది. 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం దానిపై సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలని కోరింది. ఫీజు రాయితీ మాత్రం అడగవచ్చు: ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలుతో కరస్పాండెంట్‌కు అర్జీ పెట్టండి. సీట్లు నిండక ముందే వెళ్లాలి. కతోలికులైతే జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం, విచారణ గురువు (మీ చర్చి ఫాదర్) ఉత్తరం కూడా జతచేయండి.