ఫైర్‌ఫాక్స్ పాత వెర్షన్‌కు వెళ్లాలంటే

అన్నా, అనంతపురంలోని మీ నెట్ సెంటర్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అప్‌డేట్ అయ్యాక దరఖాస్తు ఫారాల ప్రింట్ సగమే వస్తోందని, పాత వెర్షన్ ఎలా తెచ్చుకోవాలని అడిగారు కదా.

ముందు హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ పెట్టి ఒక ప్రింట్ తీయండి. అది ఎక్స్‌టెన్షన్లను, అంటే బ్రౌజర్‌కు మనం అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్‌లను, ఆపేసి నడుపుతుంది. సరిగ్గా వస్తే తప్పు ఏదో ఎక్స్‌టెన్షన్‌దో సెట్టింగ్‌దో అయి ఉంటుంది, వెనక్కి వెళ్లే పనే లేదు.

అయినా రాకపోతే బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఇది మాత్రం మరవద్దు. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను, అంటే మీ బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్‌ను, పాత వెర్షన్‌లో తెరవనివ్వదు. కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. కడపలో మా షాపులో ఇలా చేసినప్పుడు బుక్‌మార్క్‌లు ఒక్కటీ కనపడక చాలా టెన్షన్ పడ్డాను. అవి ఎక్కడికీ పోలేదు, పాత ప్రొఫైల్‌లోనే భద్రంగా ఉన్నాయి.

పాత ఇన్‌స్టాలర్‌ను ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సొంత ఆర్కైవ్ సైట్ నుంచే దించండి, వేరే సైట్ల జోలికి పోవద్దు. ఇన్‌స్టాల్ అవ్వగానే సెట్టింగ్స్‌లో అప్‌డేట్లు తనంతట తాను వేసుకోకుండా, మిమ్మల్ని అడిగేలా మార్చండి. లేకపోతే మళ్లీ కొత్తదే వచ్చి కూర్చుంటుంది.

నన్నడిగితే ఫైర్‌ఫాక్స్‌లోనే ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ వేసుకోండి. అందులో మార్పులు తక్కువ, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వస్తూనే ఉంటాయి. జనం ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టే సిస్టమ్‌లో రక్షణ లేని పాత బ్రౌజర్ ఎక్కువ రోజులు ఉంచకండన్నా.